మరవ మీది బండలు

గువ్వలపల్లి, చాకవేలు దగ్గర,
బాగేపల్లి తాలూకా
జూలై 6, 2025

మా బంగారు తల్లి ప్రతిమకు,

నీ ఉత్తరం అందింది. అందింది అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే నాకు పాపం తగులుతుంది. పోస్టుమాన్ మంజునాథ బండి ఆపకముందే నేను వీధిలో నిలబడి ఉన్నాను. నిలబడే కవరు చించాను. మీ అమ్మ చూసి, "ముందు కూసోండి. ఆ కాయితం యాడికీ పరిగెత్తదులే" అన్నది. కూర్చున్నాను, చదివాను, మళ్ళీ లేచి నిలబడ్డాను.

మన చెరువుల సంగతి తేల్చే పనిని చిక్కబళ్లాపురంలో నీటిపారుదల చూసే నీరావరి ఆఫీసువాళ్ళు నీ బృందానికి ఇచ్చారంటే, తల్లీ, ఆ ఆఫీసుకూ, నీకు ఆ పని నేర్పిన గురువులకూ, పూణేలో నీకు అన్నం వండిపెట్టే ఆవిడకూ, అందరికీ ఇక్కణ్ణుంచే దండం పెడుతున్నాను. సజ్జపల్లి చెరువు, గువ్వలపల్లి చెరువు పూణేలో కంప్యూటర్లు ఎక్కి కూర్చున్నాయి! మా తాతకు చెప్పి ఉంటే కల్లు తాగి వచ్చావా అని అడిగేవాడు.

నీకు తెలియనిది కాదు, అయినా మనసులో ఉన్నది రాస్తేనే నాకు తీరుతుంది. ఎగువన సజ్జపల్లి చెరువు నిండి, అలుగు పారే మరవ మీంచి దూకిన నీళ్ళే దిగువన మన చెరువుకు వచ్చేవి. ఆ నీళ్ళు మన చెరువును నింపిన ఏడాది మన ఆడవాళ్ళు ఎగువకు నడిచిపోయేవాళ్ళు. చాటలో పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డ పెట్టి, పైన ఇంకో చాట మూసి, వాళ్ళ మరవ దగ్గర గంగమ్మకు వాయనంగా ఆ బాగిన వదిలేవాళ్ళు. వాళ్ళు మనవాళ్ళకు సంగటి పెట్టి పంపేవాళ్ళు. ఆ పెద్ద కరువులో వాళ్ళు మరవ మీద బండలు నిలబెట్టి చెరువు ఎత్తు పెంచుకున్నారు. అప్పట్నుంచీ మన చెరువు నిండలేదు. బాగినా లేదు, సంగటీ లేదు. పెళ్ళి పిలుపులు కూడా ఆగిపోయాయి. వాళ్ళు దొంగలని మనం, మనం ఏడుపుగొట్టువాళ్ళమని వాళ్ళు.

ఇప్పుడు నీ కంప్యూటర్ తీర్పు చెప్పేస్తుందని ఊరంతా అంటున్నారు. అది ఎట్లా చెప్తుందో నాకు అర్థమయ్యేలా రాయి. ఫోన్ మీ అమ్మది. అందులో మీరిద్దరూ కూరలూ జ్వరాలూ మాట్లాడుకోండి. నా చెవులకు ఫోన్లో గాలి చప్పుడు తప్ప ఏమీ తెలియదు. ఉత్తరం మాత్రం నాది. నువ్వు బడిలో కన్నడం రాసుకుని వస్తే సాయంత్రం పలక మీద తెలుగు దిద్దించాను చూడు, ఆ పుణ్యం ఇప్పుడు తింటున్నాను.

నీ కోసం రోజూ గంగమ్మకు మొక్కుకునే,
మీ నాయన మునిశామప్ప

*

పూణే
జూలై 15, 2025

నాయనా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, కొంచెం ఏడ్చాను. వండిపెట్టే ఆవిడకు నీ దండం అందజేశాను. ఆమె రెండు చపాతీలు ఎక్కువ వేసింది.

నా పని చెప్తాను. వేరుసెనగ పీకే రోజును తలుచుకో. ఒక్కరే చేనంతా పీకితే ఎప్పటికి అయ్యేను? అందుకే చేనును పట్టెలుగా పంచుకుని అందరూ ఒకేసారి దిగుతారు. నేనూ అదే చేస్తాను. సజ్జపల్లి వెనక కొండ మొదలు మన చెరువు కట్ట దాకా ఉన్న నేలను అరవై నాలుగు ముక్కలు చేశాను. ఒక్కో ముక్కను ఒక్కో ప్రాసెసర్‌కు అప్పజెప్పాను. కంప్యూటర్లో లెక్కలు చేసే కూలి అనుకో దాన్ని. వాన పడితే ఎంత ఇంకుతుంది, ఎంత పారుతుంది, ఎటు పారుతుంది అని అన్నీ ఒకేసారి లెక్క కడతాయి. దీన్నే ప్యారలల్ కంప్యూటింగ్ అంటారు. ఒక్క కంప్యూటర్ అయితే వారాలు పట్టే పని పూట తిరిగేలోగా అవుతుంది.

చిక్కంతా గట్ల దగ్గరే ఉంది. నేను గీసిన గీతలు నీళ్ళకు తెలియవు కదా, ఒక ముక్కలోంచి పక్క ముక్కలోకి పారిపోతాయి. కాబట్టి ప్రతి కూలీ తన గట్టు పక్కన ఏమి జరుగుతున్నదో పక్కవాడికి చెబుతూ ఉండాలి. చెప్పకపోతే నీళ్ళు గట్టు దగ్గరే మాయమైపోతాయి.

ఇది నా సొంత ఊరని ఆఫీసువాళ్ళకు ముందే చెప్పాను. మా లెక్కను ఇంకో బృందం కూడా సరిచూస్తుంది, పరవాలేదు అన్నారు.

ఇప్పుడు అసలు మాట. నిన్న మొదటి విడత నడిపాను. సజ్జపల్లి మరవ మీద బండలు లేనట్టు పెట్టి, మొన్నామధ్య మంచి వానలు పడిన ఏడాది వానను పోశాను. నాయనా, తెర మీద మన చెరువు నిండి మరవ పోయింది! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కన కూర్చునే స్మిత ఏమైందని అడిగితే, "మా ఊళ్ళో నీళ్ళు" అన్నాను.

ఇది మొదటి విడత మాత్రమే. ఇంకా సరిచూడాల్సినవి ఉన్నాయి. అయినా నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

నీ ప్రతిమ

*

గువ్వలపల్లి
జూలై 27, 2025

తల్లీ! తల్లీ! తల్లీ!

ఇంకేమి రాయాలో తెలియక మూడుసార్లు అదే రాశాను. నువ్వు చల్లగా ఉండాలి. నీ కంప్యూటర్లు చల్లగా ఉండాలి. ఆ అరవై నాలుగు మంది కూలీలూ చల్లగా ఉండాలి.

ఆ ఉత్తరాన్ని ఇంట్లో దాచుకోవడం నా వల్ల కాలేదు. మునినారాయణ టీ అంగడి దగ్గర చదివాను. నలుగురున్నచోట వీధంతా గుమిగూడింది. 'మన చెరువు నిండి మరవ పోయింది' అనే చోటికి వచ్చేసరికి అందరూ కేకలు వేశారు. మళ్ళీ చదవమన్నారు. చదివాను. మొదటి విడత మాత్రమే, ఇంకా సరిచూడాలి అని నువ్వు రాసిన మాటలు కూడా వదలకుండా చదివాను. అవి ఎవరి తలకూ ఎక్కలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఎక్కలేదు.

ఆడవాళ్ళు కలిసి మాట్లాడుకున్నారు. చెరువు కంప్యూటర్లో నిండినా నిండినట్టే, గంగమ్మకు బాగిన ఇవ్వాల్సిందే అని తేల్చారు. ఎగువకు పోయేదానికి మాటలు లేవు కాబట్టి మన చెరువుకే ఇద్దామన్నారు. తప్పెట్లు కట్టించారు. అందరూ చెరువులోకి దిగాక చూసుకుంటే బాగిన వదిలేదానికి నీళ్ళు లేవు! మీ అమ్మ ఇంటికి పోయి బిందెడు నీళ్ళు తెచ్చి గుంటలో పోసింది. దాంట్లో పెట్టారు.

మునినారాయణ ఊరుకుంటాడా? "నిండింది కంప్యూటర్లో గదక్కా! బాగిన గూడా పూణేకి పార్సిల్ ఏసుంటే పోలా?" అన్నాడు.

మీ అమ్మ తిరిగి చూడకుండానే, "నువ్వు టీలో పాలు కంప్యూటర్లోనే పోస్తాండావు గదా, మేమేమన్నా అంటిమా?" అన్నది. చెరువంతా నవ్వింది.

ఇంతలో తప్పెట్ల చప్పుడు విని సజ్జపల్లి లక్ష్మణప్ప వచ్చాడు. వెనక ఇంకా కొందరు. ఆ ఊళ్ళో ఆయన మాటకు ఎదురులేదని నీకు తెలుసు కదా. ముఖం ఎర్రగా ఉంది.

"ఏమప్పా మునిశామప్పా, ఎండిపోయిన చెరువులో తప్పెట్లేంది? మమ్మల్ని ఎగతాళి చేసేదానికా?" అన్నాడు. గట్టిగా అన్నాడు కాబట్టి నాకు కూడా వినబడింది.

నేను ఉత్తరం తీశాను. ఆయనకు కన్నడ అక్షరాలే వచ్చు, అందుకని నేనే మొదలు నుంచి చదివి వినిపించాను. ఆయన తల వంచుకుని విన్నాడు. అయిపోయాక కట్ట మీద కూర్చుని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని అన్నాడు: "ఆ పాప మా ఊరి హైస్కూల్లో సదువుకునింది. మా మింద దానికి కచ్చ ఏముండాది? అది చెప్పిందంటే సరే. బండలు తీసేస్తాము."

తీసేశారు తల్లీ. మరునాడే తీసేసి కట్ట పక్కన పడుకోబెట్టారు. ఏ పంచాయితీకీ లొంగనివాళ్ళు, ఏ ఆఫీసరు చెప్పినా విననివాళ్ళు, నువ్వు రాసిన ఒక్క ఉత్తరానికి తీసేశారు. ఇప్పుడు నేను అంగడికి పోతే లేచి చోటిస్తున్నారు. నాకు కాదు, నీకు ఇస్తున్నారు. ఆ చోట్లో నేను కూర్చుంటున్నాను, అంతే.

నీకు నేనేమి ఇవ్వగలను? నా ఆయుష్షు మిగిలింది ఎంతో, అంతా తీసుకో.

మీ నాయన

*

పూణే
ఆగస్టు 5, 2025

నాయనా,

ఈ ఉత్తరాన్ని ముందు నువ్వు ఒక్కడివే చదువు.

నా లెక్క తప్పు.

గట్ల దగ్గర చిక్కు ఉంటుందని రాశాను కదా. ప్రతి ముక్కా తన పక్క ముక్క అంచును ఒక నకలుగా తన దగ్గర పెట్టుకుంటుంది, అవతల ఏమి జరుగుతున్నదో తెలియడానికి. ఆ నకలు చూసుకోవడానికే తప్ప లెక్కలో కలపకూడదు. నేను రాసిన ప్రోగ్రామ్ కలిపేసింది. పక్కపక్క పట్టెల్లో ఉన్న ఇద్దరు, గట్టు మీది వేరుసెనగ వరుసను ఇద్దరూ తామే పీకామని చెప్పుకున్నట్టు. సజ్జపల్లి నుంచి మన చెరువుకు వచ్చే కాలువ సరిగ్గా అట్లాంటి గట్టు మీదే పడింది. అందులో పారిన నీళ్ళు రెండుసార్లు లెక్కకొచ్చాయి. తెర మీద నిండిన మన చెరువులో సగం నీళ్ళు లేనే లేవు.

దాన్ని సరిచేసి మళ్ళీ నడిపాను. స్మిత వేరుగా నడిపి చూసింది. ఇద్దరికీ ఒకటే వచ్చింది. బండలు తీసినా మన చెరువు నిండదు. వచ్చేది పల్చగా పరుచుకుని ఇంకిపోతుంది కాబట్టి మనకు దక్కేది చాలా కొంచెం. సజ్జపల్లివాళ్ళు పోగొట్టుకునేది మాత్రం ఎక్కువ. వాళ్ళ తాగునీటి బోరు ఆ చెరువు కిందే ఉంది. బండలు లేకపోతే ఎండాకాలానికి ఆ బోరు ఎండిపోతుంది. మన చెరువుకు అసలు దెబ్బ కొండ వైపు నుంచి నేరుగా మనకు వచ్చే పెద్ద రాజకాలువ మూసుకుపోవడం. దాని మీద ఇప్పుడు మల్బరీ తోటలున్నాయి, మనదీ అందులో ఉంది. బండలు నిలబెట్టిన కరువులోనే అది కూడా పూడిపోయింది. అందుకే అందరూ బండలనే చూశారు.

వాళ్ళు బండలు తీసేశారని నీ ఉత్తరంలో చదివాక నాకు తెలిసొచ్చింది: మొదటి విడతను నీకు రాయకుండా ఉండాల్సింది. సంతోషం ఆపుకోలేకపోయాను. నేను నీ కూతుర్ని కదా.

ఆఫీసుకు నిజం రాసి పంపాను. సజ్జపల్లివాళ్ళకు కూడా చెప్పాలి, వానలు ముదరకముందే. ఈ మాటను అమ్మ ఫోన్‌లో చెప్పమంటే నీ చెవిలో అరుస్తుంది, వీధంతా వింటుంది. అందుకే రాస్తున్నాను. ఏమి చేద్దామో చెప్పు.

ప్రతిమ

*

చింతామణి
ఆగస్టు 14, 2025

చి॥సౌ॥ ప్రతిమకు,

క్షేమం. కళ్ళు చూపించుకుందామని మీ అత్త ఇంటికి వచ్చాను. డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు. ఇక్కడ మార్కెట్ వీధిలో టమోటా లారీలు అడ్డం పెట్టి మనిషి నడవడానికి దారి లేదు. మీ అత్తకు మోకాళ్ళ నొప్పులు. శిడ్లఘట్టలో మన పట్టుగూళ్ళు బాగానే అమ్ముడుపోయాయి.

నీ ఉత్తరం అందింది. చదివాను. వానలు వస్తాయంటున్నారు. వేళకు తిను.

మునిశామప్ప

*

పూణే
ఆగస్టు 19, 2025
స్పీడ్ పోస్టు

నాయనా,

నీ ఉత్తరం కవరు బరువు చూసే భయపడ్డాను. నువ్వు ఇంత చిన్న ఉత్తరం నాకెప్పుడూ రాయలేదు. 'మీ నాయన' అని కూడా రాయలేదు.

అమ్మకు ఫోన్ చేశాను. "కండ్లూ ల్యా, మండ్లూ ల్యా. మీ నాయన పారిపోయినాడు" అన్నది. ఊళ్ళోవాళ్ళు నీకు ఏమి చెప్పారో అదీ చెప్పింది.

నాకు నీ మీద కోపం లేదు. నేను లక్ష్మణప్ప గారికి నేరుగా ఫోన్ చేయాలని నంబరు కూడా సంపాదించాను. చేయి ఆగిపోయింది. ఆయన నమ్మింది నన్ను ఒక్కదాన్నే కాదు. కట్ట మీద నిలబడి చదివిన నిన్ను కూడా నమ్మాడు. మొదటి ఉత్తరం నీ నోట విన్నాడు, రెండోది ఎవరి నోటో వింటే నువ్వు ఆయనకు ఎట్లా ముఖం చూపిస్తావు?

భయం నాకూ ఉంది. ఇక్కడ కొందరు నవ్వారు. ఇకముందు నా లెక్క ఎవరూ నమ్మరేమోనని రోజూ అనిపిస్తుంది. అయినా చెప్పేశాక కొంచెం ఊపిరి ఆడుతోంది.

ఈ నెలాఖరుకు మన వైపు పెద్ద వానలున్నాయి. బండలు లేకుండా ఆ వాన పడితే సజ్జపల్లి నీళ్ళు మరవ దాటిపోతాయి, మన చెరువులో పల్చగా పరుచుకుని ఇంకిపోతాయి. వాళ్ళకూ ఉండవు, మనకూ ఉండవు. ఆదివారం దాకా ఆగుతాను. ఆ తర్వాత నేనే చెప్తాను.

నీ ప్రతిమ

*

చిక్కబళ్లాపురం, నీరావరి ఆఫీసు వరండా
సెప్టెంబరు 3, 2025

నా కన్నతల్లీ, నా ప్రతిమా,

ఆదివారం నీకు ఫోన్ చేసి "అయిపోయింది, చెప్పేసినాడు" అని రెండు ముక్కలే చెప్పమని మీ అమ్మ దగ్గర ఒట్టు వేయించుకున్నాను. మిగతా కథ నాది, నేనే రాస్తానన్నాను. ఇన్నాళ్ళకు కుదురుగా కూర్చున్నాను. నీ కొత్త రిపోర్టు మీద మాట్లాడటానికి రెండూళ్ళవాళ్ళనూ ఇక్కడికి పిలిచారు. మీటింగు అయిపోయింది. బస్సుకు ఇంకా టైముంది. లక్ష్మణప్ప నా పక్కనే కూర్చుని నేనేమి రాస్తున్నానో తొంగి చూస్తున్నాడు, తెలుగు అక్షరాలు రాకపోయినా.

నేను చింతామణికి ఎందుకు పోయానో మీ అమ్మ చెప్పనే చెప్పింది. నీ ఉత్తరాన్ని అంగడి దగ్గర కాకుండా నలుగురు పెద్దవాళ్ళకు మాత్రం చూపించాను. "నోరు మూసుకోని ఉండప్పా. బండలు దిగినాయి, వాన వస్తాండాది. కూతురు తప్పు చేసిందని నువ్వే ఊరూరా టముకేస్తావా?" అన్నారు. నీళ్ళ మాటకైతే ఎదురు చెప్పి ఉందును. ఆ కూతురు మాట దగ్గర లొంగిపోయాను. నిన్ను చిన్నబుచ్చే కాగితాన్ని నా నోటితో ఎట్లా చదవను? చదవకపోతే సజ్జపల్లి పిల్లలు ఏ నీళ్ళు తాగుతారు? రెండూ మింగలేక బస్సెక్కాను.

చింతామణిలో నీ స్పీడ్ పోస్టు అందింది. అందులో నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఇంకో వారం అక్కడే ఉండేవాణ్ణేమో. మీ అత్త "తిని పో అన్నా" అని అరుస్తున్నా ఆగలేదు.

ఇంటికి రాగానే మీ అమ్మ చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది. "నేనూ వస్తా. మీకు వినపడదు, వాళ్ళు ఏమన్నారో చెప్పేదానికి ఒకరుండాల గదా" అన్నది.

సాయంత్రం పాలు పోసే వేళకు సజ్జపల్లి పాల డైరీ దగ్గరికి పోయాం. ఊరంతా క్యాన్లు పట్టుకుని అక్కడే ఉంది. మా పాప రెండో ఉత్తరం రాసింది, వినండి అన్నాను. అందరూ సంతోషంగా దగ్గరికి జరిగారు. చదివాను. 'నా లెక్క తప్పు' అన్న చోట ఆగలేదు. ఆగితే మళ్ళీ కదలలేనని తెలుసు.

కొంచెం దూరం చదివేసరికి అందరి నోళ్ళూ ఆడుతున్నాయి. చేతులు లేస్తున్నాయి. నాకేమో చెవుల్లో తేనెటీగల తుట్టె కదిలినట్టు ఉంది తప్ప మాట తెలియడం లేదు. "ఏమంటాండారే?" అని మీ అమ్మను అడిగాను.

మీ అమ్మ నా చెవిలో, "పొగుడ్తాండారు. చదవండి" అన్నది.

నేను నమ్మాను తల్లీ! ఇంత పెద్ద మనసున్న ఊరా ఇది అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకా గొంతు పెంచి, వేరుసెనగ వరుసను ఇద్దరూ చెప్పుకున్న ముక్కను రెండుసార్లు చదివాను. ఎవరో ఖాళీ క్యాను నేలకేసి కొట్టాడు. దానికీ నమస్కారం పెట్టాను. ఇంటికి వచ్చాక తెలిసింది వాళ్ళన్నది ఏమిటో. నా వంశంలో వాళ్ళు తిట్టకుండా మిగిలినవాళ్ళు ఎవరూ లేరట.

అప్పుడు లక్ష్మణప్ప అందరినీ పక్కకు తోసి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకుని మీ అమ్మ నా ముందుకు వచ్చి నిలబడింది. ఆయన ఆమెను దాటి, నా చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కొక్క మాట విడదీసి చెప్పాడు:

"ఇదంతా మీ ఊరోళ్ళకు తెలుసునా?"

"తెలుసు."

"వద్దన్యారా?"

"అన్నారు."

"మరి ఏల వస్తివి?"

"నా కూతురు చెప్పమనింది" అన్నాను. అంతకన్నా గొప్ప మాట ఏదీ నాకు తోచలేదు.

ఆయన మళ్ళీ నా చెవి దగ్గరికి వంగాడు. తర్వాత అన్నాడు: "ఇన్నేండ్ల కొట్లాటలో మీరు గెలిస్తిరి, మేము గెలిస్తిమి. గెలిచినోడు ఇంటికొచ్చి నేను గెల్చింది తప్పప్పా అని చెప్పేది నేను ఎప్పుడూ చూసిండలేదు." అని నా చేతిలోని ఉత్తరాన్ని తీసుకుని కళ్ళకద్దుకుని మళ్ళీ ఇచ్చాడు. తర్వాత జనం వైపు తిరిగి ఏదో అరిచాడు, తెల్లారి బండలు నిలబెడదామన్నాడట. క్యాన్లన్నీ కిందికి దిగాయి.

మరునాడు తెల్లవారుతూనే మీ అమ్మను తోడు పెట్టుకుని నేను మరవ దగ్గరికి పోయాను. బండ మోసే వయసా నాది? అయినా పడుకోబెట్టిన బండలను నిలబెట్టేటప్పుడు గువ్వలపల్లి మనిషి ఒక్కడైనా అక్కడ ఉండాలి కదా అని పోయాను. పోయి చూస్తే మునినారాయణ బండలు లేపే గడారి భుజాన వేసుకుని నాకంటే ముందే కూర్చుని ఉన్నాడు.

"నీ కూతురు బండలు ఉన్యా ఒకటే ల్యాకున్యా ఒకటే అనింది గదప్పా మనకు. ఒకటే అయినప్పుడు పెట్టేద్దాం, పుణ్యమన్నా వస్తాది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడట. మీ అమ్మ చెప్పింది: నన్ను నోరు మూసుకోమన్న నలుగురిలో తానూ ఒకడు కదా, నిద్ర పట్టలేదు అన్నాడట.

ఎండెక్కేసరికి మనవాళ్ళు ఇంకా వచ్చారు. నోరు మూసుకోమన్న మిగతావాళ్ళు కూడా వచ్చారు. ఏ బండలను చూసి ఇన్నాళ్ళు పళ్ళు కొరికారో ఆ బండలకు భుజాలిచ్చి ఎత్తారు. సజ్జపల్లివాళ్ళు కింద పట్టుకుంటే మనవాళ్ళు పైన పట్టుకున్నారు. ఒక బండ జారి మునినారాయణ కాలి పక్కన పడితే, లక్ష్మణప్ప భార్య మీనాక్షమ్మ కట్ట మీంచి, "చూసుకోనప్పా! నీకేమన్నా అయితే మీ ఊరోళ్ళు దానిగ్గూడా మా మిందే కేసు ఏస్తారు" అన్నది. అందరూ నవ్వారు. నేను చివరి బండకు చేయి వేశాను. వేశానంతే, బరువంతా వేరేవాళ్ళదే.

నువ్వు చెప్పినట్టే నెలాఖరుకు వాన పడింది. సజ్జపల్లి చెరువు బండల దాకా ఎక్కింది. మన చెరువులో కాళ్ళు తడిసేటంత ఉంది. ఊరివాళ్ళు పోయి చూసి, ఎవరి పనికి వాళ్ళు పోయారు.

ఈరోజు ఇక్కడ మీటింగులో, కొత్తగా వచ్చిన ఇంజినీరు నీ రిపోర్టును ముందు పెట్టుకుని, "ఇది ఒకసారి తప్పని వాళ్ళే రాశారు. మళ్ళీ తప్పు కాదని గ్యారంటీ ఏంది?" అని కన్నడంలో అడిగాడు. నాకు వినబడలేదు. లక్ష్మణప్ప లేచాడు. తర్వాత నా చెవిలో తెలుగులో మళ్ళీ చెప్పాడు, అందుకే రాయగలుగుతున్నాను. ఆయన అన్నది ఇది: "సామీ, ఇన్నేండ్లుగా మా ఊరికి లెక్కలు తెచ్చినోళ్ళు శానామంది వచ్చినారు. తప్పు పడిందని తిరిగొచ్చింది ఈ పాప ఒకతే. మాకు ఈ లెక్క చాలు."

ఇంజినీరు నవ్వి సంతకం పెట్టాడు. కొండ వైపు రాజకాలువను కొలిచి రాళ్ళు నాటడానికి సర్వేవాళ్ళు వస్తారట. మల్బరీ వరుసలు కొన్ని పోతాయి. మొదట మన తోటలోనే కొలవమని నేను చెప్పాను. మీ అమ్మను అడగలేదు. నువ్వు ఫోన్లో మెల్లగా చెప్పు. తవ్వే రోజుకు సజ్జపల్లి నుంచి మనుషులు వస్తామన్నారు. ఆ నీళ్ళు వాళ్ళకు ఒక్క చుక్క రావు, అయినా వస్తామన్నారు.

తల్లీ, నువ్వు రాసిన మొదటి ఉత్తరానికి నేను తప్పెట్లు కట్టించాను. రెండోదానికి ఏమి కట్టించాలో తెలియక పారిపోయాను. ఇప్పుడు ఈ వరండాలో కూర్చుని ఎందరికి దండం పెట్టాలో ఎంచుకుంటున్నాను. నీ లెక్కను సరిచూసిన స్మితకు ఒకటి. నా చెవిలో అబద్ధం చెప్పిన మీ అమ్మకు ఒకటి. ఆ అబద్ధం లేకపోతే సగంలోనే ఆపేసి ఇంటికి వచ్చేవాణ్ణి. నోట్లో తిట్టు పెట్టుకుని చివరిదాకా విన్న ఆ ఊరికి ఒకటి. ఇక నీకు. నీకు దండం పెడితే ఆయుష్షు తగ్గుతుందంటారు, కాబట్టి నీ తల మీద చేయి పెట్టాను అనుకో.

నిన్ను చూసి నవ్వినవాళ్ళను నవ్వనీ. నీ లెక్కను నమ్మినవాళ్ళు ఇక్కడ రెండూళ్ళున్నాయి.

బస్సు వచ్చేటట్టుంది, లక్ష్మణప్ప లేచాడు. ఒక్క మాట రాసి ముగిస్తాను. దసరాకు నువ్వు వచ్చేటప్పుడు బాగేపల్లిలో ఎక్కిన బస్సు ముందు సజ్జపల్లిలో ఆగుతుంది కదా. అక్కడే దిగమని వాళ్ళ ఊరంతా నా చేత మాట తీసుకున్నారు. నిన్ను ముందు వాళ్ళే చూస్తారట, ముందు వాళ్ళింట్లోనే తింటావట. ఎన్నాళ్ళ తర్వాతో ఇంటికి వచ్చే కూతుర్ని ముందు చూసే హక్కు తండ్రిది కాదా అని పోట్లాడదామనుకున్నాను. చివరికి సరేనన్నాను.

నువ్వు అక్కడే దిగు తల్లీ. నేనూ మీ అమ్మా ముందే పోయి, వాళ్ళ జనంలో నిలబడి ఉంటాం.

మీ నాయన
మునిశామప్ప